సగం నీడలో పూసే మొక్క: మన గ్యాలరీకి కనకాంబరం

"మా గ్యాలరీలో ఎండ సరిగ్గా పడదు టీచర్, అందుకే మొక్కలు బతకవు." పేరెంట్స్ మీటింగుల్లో ఈ మాట తరచూ వినపడుతుంది. పిల్లలు ముచ్చటపడి గులాబీయో బంతో తెచ్చుకుంటారు. రోజూ నీళ్లు పోస్తారు. మొక్క పీలగా సాగుతుంది, ఆకులు పసుపు తిరుగుతాయి, నెల తిరక్కుండానే కుండీ ఖాళీ. డబ్బు పోవడం ఒక ఎత్తు. "నా చేతికి మొక్క రాదు" అని పదేళ్ల పిల్ల నమ్మేయడం ఇంకో ఎత్తు.

ఆ పిల్ల చెయ్యి మంచిదే. ఎండ కావలసిన మొక్కను నీడలో పెట్టాం, అంతే జరిగింది. మొక్కను ముందు కొని, తర్వాత దానికి చోటు వెతుకుతాం. అలా కాకుండా మన ఇంట్లో ఎంత వెలుతురు ఉందో ముందు చూసుకుని, ఆ వెలుతురుకి సరిపోయే మొక్కను తెచ్చుకుంటే చాలావరకు బతుకుతుంది. ఎండ తక్కువ పడే ఇంటికి కూడా తగిన పూలమొక్క ఉంది. అది మన అమ్మమ్మలకు బాగా తెలిసిన కనకాంబరమే.

సగం నీడ అంటే ఏమిటి?

వర్లిలోనైనా, కామాఠిపురాలోనైనా మన ఇళ్లు ఒకదానికొకటి దగ్గర దగ్గరగా ఉంటాయి. నిజాం రాజ్యం నుంచి వచ్చి ఈ ఊరి కట్టడాల్లో పనిచేసిన కామాఠీల పేరు మీదే కామాఠిపురా వెలిసింది. తర్వాత బట్టల మిల్లుల పనికి పద్మశాలి కుటుంబాలు వర్లి వైపు వచ్చాయి. అప్పటి ఇళ్లు పనివాళ్లు తలదాచుకోవడానికి కట్టినవి, తోటల కోసం కాదు. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టించిన బి.డి.డి. చాళ్లే చూడండి. ఒక్కో గది సుమారు 160 చదరపు అడుగులు. నడవ మధ్యలో ఉంటుంది, గదులు దానికి రెండువైపులా. వెలుతురు వచ్చేది కిటికీలోంచే. కొన్ని పాత చాళ్లలో బయటి వైపు పొడవాటి గ్యాలరీ ఉంటుంది గానీ, ఎదుటి బిల్డింగు దానికి అడ్డం.

అందుకని మన దగ్గర ఎండ కొన్ని గంటలే వచ్చి పోతుంది. రోజుకి ఆరు గంటలు, అంతకన్నా ఎక్కువ నేరుగా ఎండ పడితే అది ఎండ చోటు. మూడు నుంచి ఐదు గంటలు పడితే సగం నీడ. రెండు గంటలు కూడా పడకపోతే నీడ చోటు. చాలా ఇళ్లలో ఉండేది ఈ రెండో రకం. "ఎండ రాదు" అని మనం కొట్టిపారేసే గ్యాలరీలో నిజానికి పొద్దున మూడు గంటల మంచి ఎండ ఉండవచ్చు. అది కొలిస్తేనే తెలుస్తుంది.

పిల్లలకు ఒక ఆదివారం పని

ఒక కాగితం మీద పొద్దున 7 నుంచి సాయంత్రం 6 వరకు గంటలు రాయండి. కుండీ పెట్టాలనుకున్న చోట తెల్ల కాగితం పరిచి, గంటకోసారి దాని మీద ఒక అడుగు ఎత్తున చెయ్యి చాపి పట్టుకోండి. వేళ్ల నీడ గీత గీసినట్టు స్పష్టంగా పడితే "ఎండ" అని రాయండి. నీడ మసకగా ఉండి, వేళ్లు విడివిడిగా తెలియకపోతే "వెలుతురు" అని రాయండి. నీడే పడకపోతే "నీడ". సాయంత్రం "ఎండ" ఎన్ని గంటలు వచ్చిందో లెక్కపెట్టండి.

కాగితం నేల మీద ఒకసారి, స్టూలు మీద ఒకసారి పెట్టి చూడండి. పిట్టగోడ నీడ నేల మీద పడుతుంది, స్టూలు ఎత్తుకి రాకపోవచ్చు. రెండడుగుల ఎత్తు పెంచితే రోజుకి గంట ఎండ కలిసొచ్చే ఇళ్లు ఉన్నాయి. మబ్బు పట్టిన రోజున ఈ పని చేయకండి, లెక్క తప్పుతుంది.

మన గ్యాలరీ ఏ దిక్కుకి ఉంది?

ఒక్క రోజు కొలిచి ఊరుకుంటే చాలదు. సూర్యుడి దారి ఏడాది పొడవునా మారుతుంటుంది. ముంబై సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు నెలాఖరులో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు బాగా వాలి, ఆకాశంలో సుమారు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మే 15 ప్రాంతంలో సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ మధ్యాహ్నం నిలువుగా పెట్టిన కర్రకి నీడ ఉండదు. జూలై 28 ప్రాంతంలో మళ్లీ అలాగే జరుగుతుంది. ఈ రెండు రోజుల మధ్య సూర్యుడు మనకి కొంచెం ఉత్తరం వైపే ఉంటాడు.

దీనివల్ల గ్యాలరీలో ఏం మారుతుందో ఒక లెక్కతో చూద్దాం. గ్యాలరీ దక్షిణం వైపు ఉంది, పై స్లాబు తొమ్మిది అడుగుల ఎత్తున ఉంది, ఎదురుగా అడ్డం ఏమీ లేదు అనుకోండి. డిసెంబరు మధ్యాహ్నం ఎండ స్లాబు అంచు కిందుగా దాదాపు ఎనిమిది అడుగుల లోపలికి వస్తుంది. అంటే గ్యాలరీ దాటి గది గుమ్మం దాకా. మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాల్లో మూడడుగులు మాత్రమే వస్తుంది. జూన్‌లో నేరుగా అసలే రాదు. అదే గ్యాలరీ చలికాలంలో ఎండ చోటు, వానాకాలంలో నీడ చోటు అన్నమాట. డిసెంబరులో బాగా పూసిన మొక్క జూలైలో ఎందుకు డీలా పడిందో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇందులో పిట్టగోడని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మూడడుగుల గోడ ఉంటే డిసెంబరు మధ్యాహ్నం దాని నీడ లోపలికి రెండున్నర అడుగులకు పైగా పడుతుంది. గోడకి ఆనించి నేల మీద పెట్టిన కుండీకి ఆ ఎండ అందదు. లోపలి గోడ వైపు జరిపితే అందుతుంది. పైసా ఖర్చు లేని మార్పు ఇది.

మిగతా దిక్కుల సంగతి క్లుప్తంగా ఇది:

తూర్పు: పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నుంచి నీడ. సగం నీడ మొక్కలకు ఇంతకన్నా మంచి చోటు లేదు.

పడమర: మధ్యాహ్నం తర్వాత ఎండ. మార్చి నుంచి మే దాకా చాలా తీక్షణం. పైగా వర్లిలో సముద్రం పడమరనే ఉంది. వానాకాలంలో గాలి, జల్లు, ఉప్పు తేమ అన్నీ ఇటు నుంచే కొడతాయి. ఇక్కడ కుండీలను గోడ చాటున పెట్టుకోవాలి.

ఉత్తరం: చలికాలంలో నేరుగా ఎండ ఉండదు, మే నుంచి జూలై దాకా పొద్దున, సాయంత్రం కాస్త వస్తుంది. ఆకు మొక్కలకు సరిపోతుంది.

హైడ్రేంజియా ఎందుకు వద్దంటున్నాం?

అమెరికాలో ఉండే చుట్టాలు పంపే ఫోటోల్లో గుత్తులు గుత్తులుగా పూసే హైడ్రేంజియా పొదల్ని మీరు చూసే ఉంటారు. ఇక్కడి నర్సరీల్లో, పూల దుకాణాల్లో కూడా నీలం, గులాబీ రంగుల హైడ్రేంజియా కుండీలు అప్పుడప్పుడు కనపడతాయి. "ఇది నీడ మొక్క" అని కూడా చెప్తారు. ఆ మాట అబద్ధం కాదు, కానీ అది సగం మాటే.

వీటిలో ఓక్‌లీఫ్ హైడ్రేంజియా అనే రకాన్ని తీసుకుందాం. దీని ఆకు అంచులు ఓక్ చెట్టు ఆకులాగా పాయలు పాయలుగా చీలి ఉంటాయి, అందుకే ఆ పేరు. ఇది అమెరికా ఆగ్నేయ భాగపు అడవుల మొక్క. జార్జియా, అలబామా వంటి రాష్ట్రాల్లో పెద్ద చెట్ల కింద, వాగుల ఒడ్డున దానంతటదే పెరుగుతుంది. విలియం బార్‌ట్రమ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1770లలో అక్కడ తిరుగుతూ దీన్ని చూసి, 1791లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో వర్ణించాడు. 1999లో అలబామా దీన్ని తమ రాష్ట్ర అడవి పువ్వుగా ప్రకటించుకుంది. తెల్లటి పూలు పొడవాటి గుత్తులుగా వచ్చి, నెమ్మదిగా గులాబీ రంగుకి తిరుగుతాయి. శరదృతువులో ఆకులు ఎర్రబడి రాలిపోతాయి. అట్లాంటా చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ల పెరళ్లలో ఇది సుఖంగా పెరుగుతుందంటే కారణం అది ఆ నేల మొక్క కావడమే.

ఇది ఈ ఏడాది వేసవిలోనే వచ్చే ఏడాది మొగ్గలకు ఏర్పాట్లు చేసుకుంటుంది. తర్వాత ఆకులు రాల్చి చలికాలమంతా నిద్రపోతుంది. ఆ చలి దొరికితేనే వసంతంలో సరిగ్గా పూస్తుంది. మన ముంబైలో జనవరి రాత్రుల్లో కూడా ఉష్ణోగ్రత సగటున 16, 17 డిగ్రీలకు తగ్గదు. మొక్కకి నిద్రపోయే రోజులే రావు. దాని వేళ్లకి నీళ్లు నిలిస్తే పడదు, మనకేమో ఏడాదిలో 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన, అందులో చాలా భాగం నాలుగు నెలల్లోనే. ఆరడుగుల ఎత్తు, అంతే వెడల్పు పెరిగే పొదని గ్యాలరీ కుండీలో ఇమడ్చడమూ కష్టమే. దుకాణాల్లో అమ్మే నీలం, గులాబీ హైడ్రేంజియా వేరే రకం, జపాన్ నుంచి వచ్చింది. అదీ మన దేశంలో ఊటీ, డార్జిలింగ్ లాంటి చల్లటి కొండల మీదే నిలుస్తుంది. పూలున్న కుండీ కొనుక్కుంటే బొకేలాగా కొన్నాళ్లు చూసుకోండి, ఏడాదులు బతకాలని ఆశపడకండి.

అయినా ఆ మొక్క దగ్గర మనం నేర్చుకోవలసింది ఉంది. పెద్ద చెట్ల కింద పుట్టిన మొక్కకి సగం నీడే సొంత ఇల్లు. నడి ఎండలో పెడితే దాని ఆకు మాడుతుంది. అలాంటి మొక్కలు ప్రతి ప్రాంతంలోనూ ఉంటాయి. మన ప్రాంతానికి అలాంటిదే కనకాంబరం.

కనకాంబరం, అబోలి: ఒక్కటే పువ్వు

కనకాంబరం దక్షిణ భారతం, శ్రీలంకల మొక్క. వేడి, గాలిలో తేమ, సగం నీడ దీనికి కావాలి. ఈ మూడూ ముంబైలో అడక్కుండానే దొరుకుతాయి. శాస్త్రీయ నామం క్రాసాండ్రా ఇన్‌ఫండిబ్యులిఫార్మిస్. దగ్గుకి కషాయం కాచే అడ్డసరం మొక్కది కూడా ఇదే కుటుంబం. కనకం అంటే బంగారం, అంబరం అంటే వస్త్రం. పువ్వు రంగు పేరే చీర రంగుకి కూడా పెట్టుకున్నాం, కనకాంబరం రంగు చీర అంటే ఏ రంగో ఇంట్లో పెద్దవాళ్లు వెంటనే చెప్తారు.

నర్సరీలో మాత్రం కనకాంబరం అని అడిగితే అర్థం కాకపోవచ్చు. మరాఠీలో దీని పేరు అబోలి. ఆ పేరుతో అడగండి. మహారాష్ట్రలో ఆడవాళ్లు నడిపే ఆటోలకు అబోలి రంగు వేస్తారు కదా, అది ఈ పువ్వు రంగే. పిల్లలూ, మీ మరాఠీ పుస్తకంలో ఈ మాట కనపడితే మన కనకాంబరమని గుర్తుపట్టండి.

దీనికి వాసన ఉండదు. కానీ కోసిన తర్వాత ఒకటి రెండు రోజులు వాడకుండా ఉంటుంది, బరువుండదు. అందుకే మల్లెలతో, మరువంతో కలిపి మాల కడతారు. పూలు ఆకుపచ్చటి వెన్ను మీద అడుగు నుంచి పైకి వరసగా విచ్చుకుంటాయి. ఒక వెన్ను చాలా రోజులపాటు పూలిస్తూనే ఉంటుంది.

మొక్క తేవడం, నాటడం

జూన్‌లో మొదటి వానలు పడ్డాక తెచ్చుకుంటే మంచిది. ఎండ వేడి తగ్గుతుంది, వేళ్లు త్వరగా పట్టుకుంటాయి. పొడుగ్గా సాగిన మొక్కకన్నా, పొట్టిగా ఉండి పక్క కొమ్మలు వేసినది తీసుకోండి. ఆకు అడుగున తెల్లటి దూదిలాంటి పిండినల్లి ఉందేమో తిప్పి చూడండి.

కుండీ ఎనిమిది నుంచి పది అంగుళాలది చాలు. అడుగున కన్నాలు తప్పనిసరి. పెయింటు డబ్బా, నూనె డబ్బా ఏదైనా పనికొస్తుంది, అడుగున నాలుగైదు కన్నాలు చేయించండి. మట్టి కలపడం ఇలా: రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, ఒక పాలు కొబ్బరి పొట్టు. దానికి ఒక గుప్పెడు వేపపిండి. వేపపిండి వట్టి ఎరువే అనుకోకండి. కనకాంబరం వేళ్లకి నులిపురుగులు పట్టి బుడిపెలు కట్టే జబ్బు ఉంది, వేపపిండి దాన్ని కొంత అదుపులో ఉంచుతుంది. కొబ్బరి పొట్టు వేస్తే కుండీ బరువు కూడా తగ్గుతుంది.

నీళ్ల విషయంలో "రోజూ ఒక మగ్గు" లెక్క పెట్టుకోకండి. వేలు ఒక అంగుళం మట్టిలోకి దించి చూడండి. పొడిగా తగిలితేనే పోయండి. వేసవిలో రోజూ పోయాల్సి రావచ్చు. వానాకాలంలో వారమంతా అక్కర్లేకపోవచ్చు. సగం నీడలో కుండీ నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి, ఎక్కువ నీళ్లతో చచ్చిపోయే మొక్కలే ఎక్కువ. ఆకులు వాలిపోయాయని కంగారుపడి ఇంకా పోస్తాం. మట్టి తడిగా ఉండి కూడా ఆకులు వాలితే వేళ్లు కుళ్లుతున్నట్టు. అప్పుడు నీళ్లు ఆపి, కన్నాలు మూసుకుపోయాయేమో చూడాలి.

నెలకోసారి ఒక గుప్పెడు వర్మీకంపోస్టు వేసి పైమట్టి గుల్ల చేయండి. టీ పొడి వేసేవాళ్లు పాలు, చక్కెర పోయేలా కడిగి ఆరబెట్టి కొంచెమే వేయండి, లేకపోతే చీమలు పడతాయి.

పూసిన వెన్ను మీద పూలు అయిపోగానే దాన్ని అడుగుదాకా కత్తిరించండి. ఇది చాలామంది చేయరు. వెన్నుని అలాగే వదిలేస్తే మొక్క తన బలమంతా విత్తనానికి పెడుతుంది. కత్తిరిస్తే పక్క కొమ్మ వేసి మళ్లీ పూస్తుంది.

ఆకులు ముదురు ఆకుపచ్చగా నిగనిగలాడుతూ, పూలు మాత్రం రాకపోతే వెలుతురు చాలడం లేదని అర్థం. కుండీని ఎత్తు మీదకో, గ్యాలరీ అంచు వైపుకో జరపండి. ఆకులు పాలిపోయి అంచులు చుట్టుకుంటే మధ్యాహ్నపు ఎండ ఎక్కువైనట్టు. లోపలికి జరపండి.

ఒక మొక్క నుంచి పది మొక్కలు

కొన్ని రకాల కనకాంబరానికి విత్తనాలు బాగా కడతాయి. ఎండిన వెన్ను మీద నాలుగు నీటి చుక్కలు వేసి చూడండి, కాయలు టప్‌మని పగిలి విత్తనాలు దూరంగా ఎగిరిపడతాయి. వాన పడగానే విత్తనం చల్లుకోవడానికి మొక్క పెట్టుకున్న ఏర్పాటు ఇది. పిల్లలకి భలే సరదా. కళ్లకి దూరంగా పట్టుకోండి. విత్తనాలు మొలవడానికి రెండు వారాల నుంచి నెల దాటినా పట్టవచ్చు, ఓపిక ఉండాలి.

"ఢిల్లీ కనకాంబరం" అనే పెద్ద పూల రకానికి విత్తనం కట్టదు. దాని కణాల్లో క్రోమోజోముల జట్లు రెండుకి బదులు మూడు ఉంటాయి. గింజలేని అరటిపండు సంగతీ ఇంతే. అలాంటివాటిని కొమ్మ ముక్కలతోనే పెంచాలి. పూత లేని కొమ్మ చివర నాలుగు అంగుళాలు కోసి, కింది ఆకులు తీసేసి, తడి ఇసుక, కొబ్బరి పొట్టు కలిపిన చిన్న గ్లాసులో గుచ్చండి. కోసిన ప్లాస్టిక్ సీసాని పైన బోర్లించి నీడలో ఉంచండి. మూడు నాలుగు వారాల్లో వేళ్లు వస్తాయి. పక్కింటి పిన్నికి, ఎదురింటి ఆజీకి తలా ఒకటి ఇవ్వవచ్చు.

ఏ వెలుతురుకి ఏ మొక్క?

ఎండ చోటు (ఆరు గంటలు, ఆపైన): బంతి, గులాబీ, మల్లె, మందార, గునుగు.

సగం నీడ (మూడు నుంచి ఐదు గంటలు): కనకాంబరం, మరాఠీవాళ్లు తేరడా అనే బాల్సం, పుదీనా, వాము ఆకు.

నీడ చోటు: తమలపాకు తీగ, మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్.

తులసి గురించి చాలామంది అడుగుతారు. తులసికి కనీసం నాలుగైదు గంటల ఎండ కావాలి. దేవుడి గూటి పక్కన చీకట్లో పెట్టి, ఎండిపోతే అపశకునమని బాధపడకండి. అది ఎండ కోసం వాడిపోయింది. ఇంట్లో ఎక్కువ వెలుతురున్న చోటు తులసికివ్వండి.

బతుకమ్మకి కావలసిన గునుగు, తంగేడు పూలు కూడా పూర్తి ఎండ మొక్కలే. తంగేడు పెద్ద పొద అవుతుంది. గ్యాలరీలో వాటి కోసం అవస్థ పడక్కర్లేదు, దొరికిన పూలు దాదర్ పూలబజారు నుంచి తెచ్చుకుందాం. జూన్‌లో నాటిన కనకాంబరం మాత్రం ఆ పండుగ నాటికి వెన్నులు వేసి ఉండవచ్చు. జడలో పెట్టుకునే పూలైనా మన కుండీలోవి అవుతాయి.

మూడు జాగ్రత్తలు

ఒకటి, దోమలు. డెంగ్యూ దోమ మంచి నీళ్లలో గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో ఎగిరే దోమ తయారవుతుంది. కుండీ కింది పళ్లెం, మనీప్లాంట్ సీసా రెండూ దానికి అనువైన చోట్లే. వారానికి ఒకసారైనా నీళ్లు పారబోసి, లోపలి అంచుల్ని పీచుతో తోమండి. గుడ్లు అంచులకి అంటుకుని ఉంటాయి, ఊరికే నీళ్లు మారిస్తే పోవు. వానాకాలంలో పళ్లెం తీసేయడమే మేలు.

రెండు, బరువు. పది అంగుళాల కుండీ తడి మట్టితో పది కిలోలు దాటుతుంది. పిట్టగోడ మీద గానీ, పట్టులేని కిటికీ గ్రిల్లులో గానీ పెట్టకండి. మూడో అంతస్తు నుంచి అది కింద నడిచేవాళ్ల మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పాత బిల్డింగుల గ్యాలరీల్లో కుండీలన్నీ ఒక్కచోట గుమిగూర్చకుండా గోడ వెంబడి సర్దండి.

మూడు, దారి. గ్యాలరీ అందరిదీ. రాత్రిపూట ఏ ఆపద వచ్చినా అందరూ పరిగెత్తేది అటే. నడవడానికి చోటు వదిలాకే కుండీలు. పోసిన నీళ్లు కింది వాళ్ల బట్టల మీద పడకుండా చూసుకుంటే మొక్కల మీద గొడవలూ రావు.

ఇల్లు మారేవాళ్లకి

వర్లి బి.డి.డి. చాళ్ల పునర్నిర్మాణంలో మొదటి విడతగా 2025 ఆగస్టులో 556 కుటుంబాలకు కొత్త ఇంటి తాళాలు అందాయి. 160 అడుగుల గది నుంచి 500 అడుగుల ఫ్లాటుకి వెళ్తున్నారు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే మారతారు. సామానుతో పాటు తులసి కోటా, పాత డబ్బాల్లోని మొక్కలూ ప్రయాణమవుతాయి. కొన్ని ఇళ్లలో అవి అమ్మమ్మ నాటినవి, ఆమె లేకపోయినా మొక్క ఉంది.

ఆ మొక్కలు కొత్త ఇంట్లో బతకాలంటే వెలుతురు లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాలి. కిటికీ దిక్కు మారుతుంది. పై అంతస్తుల్లో ఎండ, గాలి రెండూ ఎక్కువ, కుండీ త్వరగా ఆరిపోతుంది. కింది అంతస్తుల మీద పక్క టవరు నీడ పడుతుంది. అందుకే వెళ్లగానే మొక్కని ఎండలో పెట్టేయకండి. మొదటి వారం కిటికీకి దూరంగా ఉంచి, రోజుకి కొంచెం కొంచెంగా వెలుతురు వైపు జరపండి. మారడానికి నెల ముందే రెండు మూడు కొమ్మ ముక్కలు నాటి వేళ్లు పట్టించి ఉంచుకోండి. పెద్ద మొక్క దారిలో దెబ్బతిన్నా దాని పిల్ల మిగులుతుంది.

సెలవు దొరికినప్పుడు పిల్లల్ని బైకలాలోని రాణీబాగ్‌కి తీసుకెళ్లండి. జంతువుల్ని చూసి వచ్చేయకుండా, అక్కడి పెద్ద చెట్ల కింద ఏ మొక్కలు పెరుగుతున్నాయో చూపించండి. పెద్ద చెట్టు నీడలో హాయిగా ఉన్న మొక్క మన గ్యాలరీలోనూ ఉండగలదు. పేరు తెలియకపోతే బొమ్మ గీసుకుని రమ్మనండి.

విద్యార్థులకు: వెలుతురు పట్టిక నింపి, మీ గ్యాలరీ లేదా కిటికీ ఏ దిక్కుకి ఉందో పైన రాసి, సైన్స్ టీచర్‌కి చూపించండి. ఏ మొక్క తెచ్చుకోవాలో ఆ కాగితం చూసి చెప్తారు. కాగితం చూపించాకే నర్సరీకి వెళ్లండి.